పోలిరాజు కొట్లో నవీన్ క్యాసెట్

ద్వారకా నగర్‌లో వైజాగ్ బస్ కాంప్లెక్స్ వెనక సందులో పోలిరాజుది క్యాసెట్ల కొట్టు. పక్కనే నాది కుట్టుమిషను. రెండిటికీ మధ్య ఒక్క రేకే అడ్డం. అతని కొట్లో ఏది మోగినా నేను వినాల్సిందే, అతని కడుపు ఎందుకు మండినా ఆ సెగ నాకు తగలాల్సిందే.

పోలిరాజు జాలారిపేట వాడు. ఇంట్లో మగాళ్ళంతా సముద్రం మీద వేటకి వెళ్ళినవాళ్ళే. ఇతను మాత్రం పడవెక్కితే చాలు, పేగులు బయటపడేలా కక్కేవాడు. వీడు పడవకి పనికిరాడని తండ్రి చిన్నప్పుడే ఒడ్డున పెద్ద వల లాగే చోట నిలబెట్టాడు. అక్కడ బలమైనవాళ్ళు ముందు వరసలో తాడు పట్టుకుని, అందరూ ఒక్కసారే కేకేస్తూ లాగుతారు. అందరికన్నా వెనకాల ఒకడు నిలబడి, వచ్చిన తాడుని ఇసకలో చుట్టలుగా పరుస్తుంటాడు. ఆ వెనకవాడు మన పోలిరాజు. తాడు పని చేస్తూనే ఆ కేకలకి చేతులు ఆడించడం అలవాటైపోయింది. బిందె దొరికినా, చేపల గంప దొరికినా ఊరుకునేవాడు కాదు. పెద్దయ్యాక డ్రమ్ముల ముందు కూర్చున్నాడు.

తొంభై నాలుగులో నవీన్‌తో స్నేహం కుదిరింది. నవీన్ వాళ్ళ నాన్న తవిటయ్యది ఆనందపురం దగ్గర పల్లెటూరు. పొలం వదిలేసి స్టీలు ప్లాంటులో చేరాడు. నవీన్ ప్లాంటు క్వార్టర్సులో పెరిగాడు. గిటారు వాయించేవాడు, పాడేవాడు. ఇంకో ఇద్దర్ని కలుపుకుని 'తుపాను' అని బ్యాండు పెట్టారు. తెలుగులో రాక్ పాటలంటే మొదట జనం నవ్వారు. తర్వాత తర్వాత కాలేజీ ఫంక్షన్లలో, వినాయక చవితి పందిళ్ళలో కుర్చీలెక్కి ఎగిరారు. నేనే వాళ్ళకి నల్ల చొక్కాలు కుట్టాను. పోలిరాజు డ్రమ్ములు మొదలెడితే పందిరి గుంజలు కూడా ఊగేవి. ఇది స్నేహితుడని చెప్తున్న మాట కాదు.

ఆ తర్వాత నవీన్ మద్రాసు వెళ్ళిపోయాడు. దొంగతనంగా ఏమీ పోలేదు, చెప్పే వెళ్ళాడు. పోలిరాజుని మాత్రం రమ్మనలేదు. బ్యాండు చెదిరిపోయింది, ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. పోలిరాజు డ్రమ్ములు అమ్మేసి క్యాసెట్ల కొట్టు పెట్టాడు.

రెండువేల రెండులో నవీన్ సొంత క్యాసెట్ వచ్చింది. పేరు 'సి షిఫ్ట్', ప్లాంటులో రాత్రి డ్యూటీని అలా అంటారు. అట్ట మీద గిటారు పట్టుకుని నవీన్ ఒక్కడే ఉన్నాడు. డబ్బా విప్పి ఆ బొమ్మ చూడగానే పోలిరాజు మొహం ముడుచుకుపోయింది.

"సూసినావా బావా, ఒక్కడే నిలబడ్డాడు. ఎనకాల మనుసులే లేనట్టు!"

"ఎవడి క్యాసెట్ మీద ఆడి బొమ్మే ఉంటాది గదా," అన్నాను.

"నువ్వు ఆడి చొక్కాలు కుట్టినావు గదా, ఆడి పక్కే మాటాడతావు."

అప్పట్లో కొనే ముందు ఒక పాట వినిపించమనేవారు. అందుకోసం కొట్లో ఒక క్యాసెట్ విప్పి పెట్టేవారు. అందులో ఎక్కడినుంచి వినిపించాలన్నది కొట్టువాడి ఇష్టం. పోలిరాజు 'సి షిఫ్ట్' మొదటి రెండు పాటలు విన్నాడు. రెండో పాటలో మాటలు మొదలయ్యే ముందు గిటారు చాలాసేపు గీపెడుతుంది. పెన్సిలుతో టేపు తిప్పి తిప్పి సరిగ్గా అక్కడికి తెచ్చి పెట్టాడు. ఎవరడిగినా అదే. వాళ్ళు మొహం చిట్లిస్తే ఇతని మొహం వెలిగేది.

ఆటో అప్పలరాజు విని, "ఇది పాటా బావా, పోర్టులో క్రేను సప్పుడా?" అన్నాడు. పోలిరాజు అతనికి టీ తెప్పించాడు.

కోచింగ్ సెంటరుకి వచ్చే దేవిశ్రీ అనే అమ్మాయి, "గొంతు బాగుందన్నయ్యా, మధ్యలో ఈ గోలేటి?" అంది. గొంతు మాట విననట్టు వదిలేసి, గోల మాటని సాయంత్రం దాకా వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

ఒకరోజు ప్లాంటులో పనిచేసే ఆయన వచ్చాడు. "మొదటి పాట పెట్టు బాబూ. మా డ్యూటీ సంగతి ఇంత బాగా ఎవడూ పాడనేదు. మా ఆవిడ ఇని ఏడిసింది," అన్నాడు.

"అక్కడ టేపు నలిగిపోనాదండీ," అన్నాడు పోలిరాజు.

ఆయన వినకుండానే రెండు క్యాసెట్లు కొనుక్కుని పోయాడు. పోలిరాజు గల్లాపెట్టె మూసిన మోతకి నా మిషను మీద కత్తెర ఎగిరి పడింది.

ఇంత చేసినా అతనికి కావలసింది ఒక్క మాటే. వచ్చిన ప్రతివాడినీ చివర్లో ఏమీ ఎరగనట్టు అడిగేవాడు: "డ్రమ్ము ఎలగున్నాదంతావు?" పోలిరాజు లేని లోటు తెలిసిపోతోందని ఎవడో ఒకడు అనాలి. ఎవరూ అనలేదు. "డ్రమ్మా? ఏదో ఉంది," అనేవారు. తిట్టినవాళ్ళు కూడా డ్రమ్ముల్ని తిట్టలేదు. ఆ సంగతే అతన్ని లోపల తొలిచేసింది.

"మొత్తం ఇన్నావేటి నువ్వు?" అని ఒకసారి అడిగాను.

"రెండు పాటలిన్నాను. మిగతాయి ఎలగుంటాయో నాకు తెలవదేటి?"

పోలిరాజు తల్లి పోతమ్మ వీధుల్లో చేపలమ్ముతుంది. మధ్యాహ్నం ఖాళీ గంపతో వచ్చి, కొట్టు మెట్టు మీద ఆకూవక్కా నములుతూ కాసేపు కూర్చుంటుంది. ఆ రోజు కొట్లో కొత్త సినిమా క్యాసెట్ల కోసం జనం ఎగబడ్డారు. ఎవరికో వినిపించడానికి పెట్టిన 'సి షిఫ్ట్'ని ఆపడం పోలిరాజు మరిచిపోయాడు. కొట్లోని టేపు డెక్కులో ఒక వైపు అయిపోతే దానంతటదే రెండో వైపుకి మారుతుంది. అలా మారి, పాడుకుంటూ చివరి పాటకి వచ్చేసింది. పోతమ్మ నమలడం ఆపేసింది.

"ఓరి పోలీ! ఈ పాటలో వల లాగతన్నారేట్రా?"

"ఏటమ్మా, పనిలో ఉన్నాను," అని లోపల్నించి విసుక్కున్నాడు.

"ఇలగొచ్చి ఇను. మనోళ్ళ కేకే గదిది. కానీ ఈడెవడో అందరూ లాగేసినాక ఒక దెబ్బ ఎనకాల వత్తన్నాడు." పకపకా నవ్వింది. "ముందు నిలబడినోడికి ఇలగ రాదురా. ఎనకాల తాడు పరిసేవోడికే వత్తాది. సేతిలో తాడు కిందెయ్యాల, అప్పుడు నోరు తెరవాల. నువ్వు అలాగే గదా, ఎప్పుడూ ఎనకే! మీ నాన్న ఎన్నిసార్లు తిట్టినాడో."

పోలిరాజు బయటికొచ్చి నిలబడ్డాడు. నేను కూడా మిషను ఆపి విన్నాను. నిజమే. పందిళ్ళలో మోగిన దరువే అది. అన్నీ పడ్డాక, ఆగి, తీరిగ్గా ఒక దెబ్బ. అప్పట్లో మేమంతా అదేదో పెద్ద విద్య అనుకున్నాం. పోలిరాజు కూడా వల లాగే కేక అంటే అదే అనుకున్నాడు. చిన్నప్పుడు నిలబడ్డ చోటునుంచి అలాగే వినపడింది, చేతికి అలాగే వచ్చింది.

"దొంగ నాయాలు! నాదిది! నా దరువు!" అని అరిచాడు. కొనడానికి వచ్చినవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు.

"నీదైతే మంచిదే గదరా. బాగున్నాది," అంది పోతమ్మ.

"అంటే ఆడి పాట బాగున్నాదనా?"

"నీ దెబ్బ బాగున్నాది."

"పాడింది ఆడు గదా!"

"ఆడు పాడిందీ బాగున్నాది. ఏటి సెయ్యమంతావు మరి?"

అక్కడ ఇరుక్కున్నాడు పోలిరాజు. పాట చెత్త అంటే తన దరువు చెత్తయిపోతుంది. దరువు గొప్ప అంటే నవీన్ పాట గొప్పయిపోతుంది. ఆ సాయంత్రం పాటలేమీ పెట్టకుండా కొట్టు నడిపాడు.

కొన్నాళ్ళకి నవీన్ వైజాగ్ వచ్చాడు. జుట్టు పెంచాడు గానీ, చొక్కా మాత్రం నేను కుట్టిందే. ఏదో పని మీద వచ్చినట్టు సందులోకి వచ్చి, కొట్టు ముందు నిలబడ్డాడు.

"జనం ఏటంతన్నారు బావా, నా క్యాసెట్?"

ఇలాంటి రోజు కోసమే బతికినట్టు పోలిరాజు మొదలెట్టాడు. అప్పలరాజు క్రేను, దేవిశ్రీ గోల, ఎవరెవరు మొహం ఎలా చిట్లించారో చేసి మరీ చూపించాడు. ప్లాంటు ఆయన భార్య ఏడ్చిన సంగతి చెప్పలేదు. రేకు ఇవతలనుంచి నేను చెప్పేశాను. పోలిరాజు నన్ను మింగేసేలా చూశాడు.

నవీన్ అంతా తల వంచుకుని విన్నాడు. "ఆకరి పాట?" అన్నాడు.

"అది నాది!"

"నీదేరా. స్టూడియోలో డ్రమ్మరు, నీ దెబ్బ తప్పు, సరిగ్గా కొడతానన్నాడు. సరిగ్గా కొడితే పాట సచ్చిపోనాది. నీలాగే కొట్టమని ఆడి పేణం తీసినాను. అయినా సగమే వచ్చింది."

ఆ మాట విన్నాక పోలిరాజు మెత్తబడతాడనుకున్నాను. అతని కళ్ళు ఎర్రబడ్డాయి.

"మరి నన్నెందుకు పిలవనేదు?"

"పిలిస్తే వచ్చీవోడివేట్రా? అప్పటికే మనిద్దరికీ మాటల్నేవు గదా."

"రాకపోదును," అన్నాడు పోలిరాజు. "అయినా పిలవాల."

నవీన్ క్యాసెట్ల వరసలు చూశాడు. నా దగ్గరకొచ్చి, "గుండీ ఊడిపోనాది బావా," అన్నాడు. కుట్టి ఇచ్చాను. పోలిరాజు అటు తిరిగి టీ చెప్పాడు, మూడు. తాగి నవీన్ వెళ్ళిపోయాడు. వాళ్ళు మళ్ళీ కలిసి వాయించింది లేదు.

నవీన్ సందు మలుపు తిరిగాడో లేదో, పోలిరాజు పెన్సిలు తీసి టేపు తిప్పడం మొదలెట్టాడు. ఈసారి రెండో వైపు. ఆ మర్నాటినుంచి ఎవరడిగినా చివరి పాటే. స్పీకరు రోడ్డు వైపు తిప్పి, ఆ ఆలస్యం దెబ్బ పడే ముందు చెయ్యెత్తి కొనేవాళ్ళని ఆపేవాడు.

"ఆగండాగండి... ఇదిగో! ఇన్నారా? అదీ దెబ్బంటే."

"బాగుందండీ. పాడిందెవరు?" అనేవారు.

"ఎవడో లెండి," అనేవాడు పోలిరాజు, క్యాసెట్ కాగితంలో చుడుతూ. "పాడటం పర్లేదు."