జ్వరం లేని జబ్బు

మొన్న తూంకుంటలో డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఉండగా, నాకంటే ముందు లోపలికి వెళ్ళిన ఒకావిడ ఒళ్ళు ఉండవలసిన దానికంటే చల్లగా ఉందని ఆయన వెంటనే తలకు స్కానింగ్ రాశాడు. ఆ మాట చెవిన పడ్డది మొదలు మా చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, నా మనసులోంచి కదలడం లేదు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో దేవరయాంజాల్ పక్కన మాకు అంగూరు తోట ఉండేది. తీగలు కత్తిరించడంలో గాని, గుత్తులు కోయడంలో గాని చిన్నమ్మ తరువాతే ఎవరైనా. అటువంటి మనిషి ఒక చలికాలం నుంచి మెల్లమెల్లగా చురుకు తగ్గి, మాట మధ్యలో మరిచిపోతూ, పట్టపగలు కునికిపాట్లు పడుతూ, ఎండాకాలం వచ్చినా గొంగడి విడవకుండా గట్టు మీద కూర్చోసాగింది. చిన్నమ్మకు అత్తగారైన మా అవ్వకు అదంతా వేషంగానే తోచింది.

"ఎండలు మండుతుంటే గీ గొంగడేంది? పని జెయ్యబుద్ధిగాక గిట్ల కూసున్నది," అనేది అందరికీ వినబడేటట్టు.

ఊళ్ళో సూదులేసే డాక్టరు థర్మామీటరు పెట్టి చూస్తే పాదరసం కదలనే లేదు. జ్వరం లేదు, బలానికి మందు తాగమన్నాడు. జ్వరం లేదంటే జబ్బే లేదని ఇంటిల్లిపాదీ నమ్మాం. ఒక మధ్యాహ్నం చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు బావినీళ్ళలోంచి తీసినట్టున్నాయి.

"నీ చెయ్యి ఎంత ఎచ్చగున్నది బిడ్డా! జరసేపు పట్టుకోనియ్యి," అంది.

ఆ వానాకాలం తీగల కింద తెలివి తప్పి పడిపోతే పట్నం తీసుకుపోయారు. ఒంటి వేడిని అదుపులో ఉంచే చోటు మెదడు లోపల ఉంటుందని, అక్కడ గడ్డ పెరిగి నొక్కుతున్నదని, నిద్రా జ్ఞాపకమూ చెదిరింది కూడా అందువల్లనేనని పెద్ద డాక్టరు చెప్పాడు. ఆపరేషనుతో ప్రాణం నిలిచింది గాని, మునుపటి మనిషి మాకు దక్కలేదు. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే బాగుండేదని ఆయన చిన్నాయనతో అన్నాడు.

ఇంటికి వచ్చాక చిన్నమ్మకు మా పేర్లు గుర్తుండేవి కావు. అవ్వ ఆమెను పొద్దున్నే నీరెండలో కూర్చోబెట్టి, అరచేతులకు నువ్వుల నూనె రాసి రుద్దుతూ, "తప్పయింది తల్లీ, నాకు ఎరకలే," అని ఏడ్చేది. ఆ ఏడుపెందుకో తెలియని చిన్నమ్మ అవ్వ కళ్ళు తుడిచేది. అట్లా కొన్నేళ్ళు బతికి, నిద్రలోనే పోయింది.

ఇప్పుడు ఆ తోటలన్నీ ప్లాట్లయ్యాయి. నా ఈడు వాళ్ళు కలిసినప్పుడు, ఈ కాలపు కోడళ్ళు ఒంట్లో కాస్త నలతగా ఉంటే చాలు దవాఖానాకు ఉరుకుతారని, మన రోజుల్లో ఇట్లా ఉండేదా అని నవ్వుకుంటారు. నిజమే, ఉండేది కాదు. ఆ నవ్వులో మాత్రం నేను కలవలేను.