పెళ్ళిచూపులు వద్దన్న మరదలితో బందరులో ఒక రోజు

మా మరదలు సుధ హైదరాబాదులో ఫిజియోథెరపిస్టు. ముప్పై దగ్గర పడుతోంది. రెండేళ్ళుగా వచ్చిన ప్రతి సంబంధం ముందూ కాఫీ ట్రే పట్టుకుని కూర్చుని విసిగిపోయి, పోయిన దసరాకి మా ఇంటికొచ్చినప్పుడు "ఇక నావల్ల కాదు బావగారూ. నన్నెవరైనా చూడాలంటే నేను కూడా వాళ్ళని ఒక రోజంతా చూడాలి" అని తేల్చేసింది. సరిగ్గా అప్పుడే బందరు నుంచి ఒక సంబంధం వచ్చింది. బందరంటే మచిలీపట్నమే, మా కృష్ణా జిల్లా వాళ్ళ నోటికి ఆ పేరే అలవాటు. అబ్బాయి పేరు మురళి. రొయ్యల చెరువుల నీళ్ళూ మట్టీ పరీక్ష చేసే ల్యాబు ఒకటి సొంతంగా నడుపుతున్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి కానీ చిక్కల్లా ఒక్కటే, అతను బందరు వదిలి రాడు. చెరువులన్నీ ఇక్కడుంటే ల్యాబు తీసుకెళ్ళి హైదరాబాదులో పెట్టుకుని ఏం చేస్తాడు? సుధకేమో అక్కడ పెద్ద ఆసుపత్రిలో మంచి ఉద్యోగం. "ఊరు చూడకుండా అవుననలేను, కాదనలేను" అంది. అందుకని గుడివాడలో ఉండే నేనూ మా ఆవిడా సుధని వెంటబెట్టుకుని టూరిస్టుల్లాగా వెళ్ళేటట్టు, మురళి మాకు ఊరు చూపించేటట్టు ఒప్పందం కుదిరింది.

నేనేమో గుడివాడలో పుట్టి పెరిగి కూడా కోర్టు పనికీ కలెక్టరాఫీసు పనికీ తప్ప బందరు మొహం చూసినవాణ్ణి కాదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా! కాబట్టి పెళ్ళి కుదిరినా కుదరకపోయినా ఊరైనా చూడొచ్చని హుషారుగా బయల్దేరాను. గుడివాడ నుంచి పొద్దున్నే బందరు వెళ్ళే ప్యాసింజరు ఎక్కాం. వేళలు మారుతుంటాయి కనుక ముందురోజు కనుక్కోవడం మంచిది. టిక్కెట్టు టీ, సమోసా ఖర్చు కన్నా ఎక్కువ కాదు. పట్టుచీర కట్టుకోమని మా ఆవిడ రాత్రంతా పోరితే సుధ నూలు చుడీదారు వేసుకుని, కాళ్ళకి బూట్లు తొడుక్కుని వచ్చింది. కిటికీలోంచి ఒకవైపు వరిచేలు, మరోవైపు చేపల చెరువుల్లో గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్న చక్రాలు. మా ఆవిడ మాత్రం బయటికి చూడకుండా ఆ బూట్లకేసే చూస్తూ కూర్చుంది.

బందరు కన్నా ముందే పెడనలో దిగాం. కలంకారీ అద్దకం చూడాలంటే ఇక్కడే దిగాలి. ఇక్కణ్ణుంచి బందరుకి షేర్ ఆటోలు, బస్సులు బోలెడన్ని ఉంటాయి. మురళి స్టేషను బయట తన పాత కారుతో నిలబడి ఉన్నాడు. చొక్కా ఎంత కొత్తదంటే పెట్టెలోంచి తీసిన మడతలు ఇంకా పోలేదు. నమస్కారాలు కాగానే "పెడన కలంకారీకి ఎంతో ఘనమైన చరిత్ర ఉందండీ" అని మొదలుపెట్టాడు. స్కూల్లో ఉపన్యాసం పోటీకి బట్టీ పట్టిన పిల్లాడి గొంతు. నాకు జాలేసింది.

అద్దకం షెడ్డులో పొడవాటి బల్లల మీద బట్ట పరిచి, టేకుతో చెక్కిన అచ్చుని రంగులో ముంచి, పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతున్నారు. బట్టని ముందే కరక్కాయ నీళ్ళలోనూ గేదె పాలలోనూ నానబెడతారట. ఎరుపు రావలసిన చోట అద్దినప్పుడు పెద్దగా ఏమీ కనిపించదు, రంగుబానలో ఉడికించాకే తేలుతుంది. నేను ఇవన్నీ అడిగి తెలుసుకుంటుంటే సుధ బట్ట వంకైనా చూడలేదు. అద్దుతున్న పెద్దాయన వెనక నిలబడి కాసేపు గమనించి, "బాబాయ్, కుడి భుజం ఎప్పట్నించి నొప్పి?" అంది.

ఆయన అచ్చు పక్కన పెట్టి ఆశ్చర్యంగా చూశాడు. "నీకెవరు చెప్పారమ్మా?"

"గుద్దేటప్పుడు ఒళ్ళంతా వాలుస్తున్నారు కదండీ. భుజం చెయ్యాల్సిన పని నడుం చేస్తోంది."

"ఏళ్ళయిందమ్మా. సూదిమందు వేయించుకుంటే నాలుగు రోజులు బాగుంటది, ఆనక మామూలే."

బల్ల కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టించమనీ, గంటకోసారి చెయ్యి ఎలా తిప్పాలో చూడమనీ చెప్పి చూపించింది. ఆయన పక్కవాళ్ళు కూడా అచ్చులు వదిలేసి చేతులు తిప్పడం మొదలెట్టారు. మా ఆవిడ నా చెవిలో "పెళ్ళిచూపులకొచ్చి పేషెంట్లని చూస్తోందేంటండీ ఇది!" అని వాపోయింది. ఆ బాధలోనే రెండు చున్నీలు, ఒక దుప్పటీ కొంది. చున్నీ అయిదారు వందలుంది, మంచి దుప్పటి వెయ్యి దాటుతుంది. పనివాళ్ళని చూశాక బేరమాడబుద్ధి కాలేదు.

అక్కణ్ణుంచి చిలకలపూడి. పాండురంగస్వామి గుడికి మధ్యాహ్నం తలుపులు వేయకముందే వెళ్ళాలి. ఇక్కడ భక్తులు స్వామి పాదాలు స్వయంగా తాకి దణ్ణం పెట్టుకోవచ్చు. మా ఆవిడ ఆ పాదాలు వదిలిపెట్టకుండా చాలాసేపు మొక్కింది, ఏం మొక్కిందో వేరే చెప్పాలా! బయట రోల్డ్‌గోల్డ్ నగల కొట్లు. పెళ్ళికూతురి నిండు అలంకారం రెండు మూడు వేలల్లో అయిపోతుంది. మురళి ఇక్కడ కూడా నగల పరిశ్రమ గురించి ఒక ఉపన్యాసం ఇవ్వబోయి మధ్యలో మర్చిపోయి, ఫోనులో రాసుకొచ్చింది తీసి చూసుకున్నాడు. సుధ మర్యాదగా వింది. ఆ మర్యాద చూసే నాకు భయమేసింది, ఎందుకంటే ఇదివరకటి సంబంధాల వాళ్ళతోనూ అది ఇంత మర్యాదగానే ఉంది.

భోజనానికి బందరు ఊళ్ళో ఒక ఇంటి ముందు వసారాలో నడిచే మెస్సుకి తీసుకెళ్ళాడు. బోర్డు ఉండదు. కోనేరు సెంటరులో దిగి చేపల పులుసు ఎక్కడ బాగుంటుందని నలుగుర్ని అడగండి, ఇలాంటివి మూడు నాలుగు చెబుతారు. భోజనం నూటయాభై లోపు, రొయ్యల ఇగురు కావాలంటే ఇంకో వంద. వండి వడ్డించే నాంచారమ్మగారు పులుసు పోస్తూ "మామిడికాయ ముక్క వేశానండీ, ముందు అది తినండి" అని నన్ను గదమాయించారు. చెప్పినట్టు తిన్నాను. ఇల్లూ వాకిలీ మర్చిపోయే పులుసు.

అప్పుడు సుధ మురళిని ఆ రోజు మొదటి ప్రశ్న అడిగింది. "మురళిగారూ, మీ ఊళ్ళో నీళ్ళెలా ఉంటాయండీ?"

"బాగుంటాయండీ" అని ఒక ముద్ద తిని, నములుతూ ఆగిపోయాడు. "బాగుండవండీ. బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. కాలవ నీళ్ళు పంపులో వస్తాయి కానీ తాగడానికి క్యాను తెచ్చుకుంటాం. నీళ్ళు పరీక్ష చేసి బతికేవాణ్ణి, ఆ విషయంలో మీకు అబద్ధం చెప్పలేనండీ."

"ఇంకా?"

"దోమలు బాగా ఎక్కువ. తుపాను వచ్చిందంటే రెండు మూడు రోజులు కరెంటుండదు. వానాకాలం మా వీధిలో పిక్కల్లోతు నీళ్ళు నిలుస్తాయి." పులుసన్నం కలుపుకుంటూ "ఇవేమీ చెప్పొద్దని మా అమ్మ పొద్దున్న గట్టిగా చెప్పిందండీ" అన్నాడు.

సుధ పకపకా నవ్వింది. పొద్దుటి నుంచీ అది నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత మురళి ఫోను బయటికి తీయలేదు, ఉపన్యాసాలూ ఆగిపోయాయి, మనిషి మనిషిలాగా మాట్లాడాడు.

చేతులు కడుక్కుంటుంటే సుధ కనిపించలేదు. వంటింట్లోకి తొంగి చూస్తే నాంచారమ్మగారిని గోడకి ఎదురుగా నిలబెట్టి, వేళ్ళని గోడ మీద సాలీడులాగా పైకి పాకించమంటోంది. పై అరలో గిన్నె అందుకోడానికి ఆవిడ ఎడంచెయ్యి లేవడం లేదట. "విజయవాడ వెళ్ళి చూపించుకోమన్నారమ్మా. పోనూ రానూ నాలుగ్గంటలు బస్సులో కుదిపితే చేతి నొప్పికి నడుం నొప్పి తోడవుద్ది. అందుకే ఊరుకున్నా" అంటోంది ఆవిడ. మా ఆవిడ ఈసారి తనే వెళ్ళి ఆ గిన్నె అందుకుని ఇచ్చింది. డబ్బులిస్తుంటే నాంచారమ్మగారు సుధ భోజనానికి తీసుకోనన్నారు.

ఎండ కాస్త తగ్గాక డచ్చివాళ్ళ సమాధులు చూశాం. అలనాడు వ్యాపారానికొచ్చి ఇక్కడే కన్నుమూసిన వాళ్ళవి. నల్లరాతి పలకల మీద అక్షరాలూ, వాళ్ళ వంశ చిహ్నాలూ ఎంత లోతుగా చెక్కారంటే వేలు పెట్టి తడమొచ్చు. టిక్కెట్టు లేదు, నీడ కూడా పెద్దగా లేదు, గొడుగు తెచ్చుకోండి. దగ్గర్లోనే బందరు కోటలో మిగిలిన కట్టడాలు ఉన్నాయి, అరగంట చాలు. నేనూ మా ఆవిడా రాని భాషలో ఉన్న ఆ పలకల్ని తెగ శ్రద్ధగా చదువుతున్నట్టు నటిస్తూ వాళ్ళిద్దరినీ వెనక వదిలేశాం. కానీ సమాధుల దగ్గర నిశ్శబ్దం ఎక్కువ, మాటలు వినబడనే వినబడ్డాయి.

"నేను కదల్లేనండీ, మిమ్మల్ని కదలమంటున్నాను" అంటున్నాడు మురళి. "ఇందులో న్యాయం లేదని నాకు తెలుసు. ఏళ్ళ తరబడి సంపాదించుకున్న పేరు అక్కడ వదిలేసి రావాలి మీరు. అందుకే రమ్మని అడగడానికి నోరు రావట్లేదు."

సుధ ఏమందో నాకు వినబడలేదు. అబ్బాయి నాకు నచ్చేశాడు. కాళ్ళు కడిగి కన్యాదానం చేసే మా మావగారికి చెప్పాల్సిన మాట ఏదో నాకే దొరికినట్టయింది.

నాలుగింటికి మంగినపూడి బీచికి బయల్దేరాం. ఊరి నుంచి అరగంట లోపే. ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి నాలుగైదు వందలు అడుగుతారు. విశాఖలో మాదిరి బంగారు రంగు ఇసుక ఉంటుందనుకుని రాకండి, ఇక్కడ నల్లటి ఒండ్రునేల. సముద్రం కూడా చాలా దూరం వరకూ లోతుండదు. అలాగని ధీమాగా లోపలికి వెళ్ళొద్దు. కార్తీక పౌర్ణమికి ఇసుకేస్తే రాలనంత జనం, మామూలు రోజుల్లో హాయిగా ఉంటుంది. మురళి కూడా ఈ బీచి మొహం చూసి రెండేళ్ళయిందట. ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగి, అలవాటు కొద్దీ దోసిట్లో నీళ్ళు తీసుకుని వాసన చూశాడు. మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

సుధ బూట్లు విప్పి నా పక్కన కూర్చుంది. "భయంగా ఉంది బావగారూ. అక్కడ నాకు ఊపిరాడనంత పని. ఇక్కడికొచ్చి తలుపులు తెరిచి కూర్చుంటే ఒక్కరూ రాకపోతే?"

"పొద్దుట్నించి ఇద్దర్ని చూశావుగా, పక్కన చేతులు తిప్పినవాళ్ళు వేరే" అన్నాను. "ఫీజు తీసుకోలేదు, అదొక్కటే లోటు."

సుధ నవ్వలేదు. ఊరు చూపించి ఒప్పించాలని నేనూ మా ఆవిడా పొద్దుటి నుంచి ఆపసోపాలు పడుతున్నాం కానీ, మేం చూపించినవేవీ అది చూడలేదని నాకు అప్పుడు అర్థమైంది. గుడి దగ్గర మెట్లెక్కలేక రెయిలింగు పట్టుకున్న ముసలమ్మని చూసింది, కోట దగ్గర కుంటుతున్న కాపలాదారుని చూసింది. మేం టూరిస్టులం, సుధ కాదు.

చీకటి పడే వేళకి ఊళ్ళోకొచ్చి బందరు లడ్డూ, హల్వా కొన్నాం. లడ్డూ దంచి చేస్తారు కనుక నోట్లో పెట్టుకుంటే పలుకు తగలదు. రద్దీ కొట్టులో కొనండి, తాజాగా ఉంటుంది. గుడివాడ బస్సులు బస్టాండులో రాత్రి దాకా దొరుకుతాయి. మురళి మమ్మల్ని బస్సు దాకా దిగబెట్టి, మడతలు పోయి చెమటతో తడిసిన చొక్కాతో నిలబడ్డాడు. ఇలాంటి చోట ఇరుపక్కలా అనే మాట ఒకటుంది, అదే నేనూ అన్నాను. "ఇంటికెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడి కబురు చేస్తామండీ."

ఆ కబురు ఎప్పుడూ రాదని అందరికీ తెలుసు. మురళి మొహం కాస్త వాడింది. "సరేనండీ" అన్నాడు.

సుధ బస్సు మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగింది. "మురళిగారూ, ఒక గది చూసి పెట్టండి. కింద అంతస్తులోనే ఉండాలి. వచ్చేవాళ్ళు మెట్లెక్కలేరు."

"ఇల్లాండీ?" అన్నాడు అతను, పాపం అర్థం కాక.

"క్లినిక్కి. ఇల్లు ఇద్దరం కలిసి చూసుకుందాం."

కండక్టరు "ఎక్కండమ్మా, ఎక్కండి" అని అరిచాడు. మా ఆవిడ లడ్డూ డబ్బా తెరిచి ముందు కండక్టరుకే ఒకటి పెట్టింది.

ఎన్నో ఊళ్ళు తిరిగాను, ఎన్నో రాశాను. కోట ఎక్కడ, గుడి ఎప్పుడు, పులుసు ఎంత, ఇవే నా ప్రశ్నలు. ఒక ఊళ్ళో మనకి ఏం దొరుకుతుందని వెతకడమే ప్రయాణమనుకున్నాను. ఆ ఊరికి నేనేం చెయ్యగలనని వెతుక్కుంటూ తిరిగిన మనిషిని నా పక్కనే చూడటం ఇదే మొదటిసారి. అంత తృప్తిగా ఏ ఊరి నుంచీ ఇంటికి రాలేదు. మాఘమాసంలో ముహూర్తం పెట్టారు.

ఇక ఒక సలహా. మంగినపూడి బీచి దగ్గర లైట్‌హౌస్ కూడా ఉంది, పైనుంచి సముద్రం చాలా బాగా కనిపిస్తుందని విన్నాను. సాయంత్రం కొద్దిసేపే ఎక్కనిస్తారు కనుక బీచికి వెళ్ళగానే ముందు అదే చూసేయండి. ఒడ్డున కూర్చుని పెళ్ళి కుదురుతుందో లేదోనని ఎదురుచూస్తూ ఉంటే, మాలాగే తాళం వేసిన తలుపు చూసి వస్తారు.