ఖాసిం మామ అనని మాట

శాంతీ, కిరణూ,

ఇన్నేళ్ళుగా నేనొక మాట మోస్తున్నాను. చిన్న మాటే. నోట్లోంచి వచ్చేటప్పుడు దాని బరువే తెలియలేదు. ఆ తర్వాత అది దిగలేదు. మీ తాతయ్యకు చెప్పలేదు, మీ నాన్నకు చెప్పలేదు. ప్రార్థనలో కూడా దాని చుట్టూ తిరిగి వచ్చేదాన్నే గాని దాన్ని తాకేదాన్ని కాదు. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు దూరంగా ఉన్నారు. ఒకరు పూనాలో, ఒకరు మస్కట్‌లో. ఫోన్లో ఇలా రికార్డు చేసి పంపితే, వినేటప్పుడు మీ ముఖాలు నాకు కనపడవు. పిరికితనమే అనుకోండి. అయినా చెప్పనివ్వండి.

మస్తాన్‌బీ మీకు తెలుసు. మీ నాన్న పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది ఆమే. మీరు ఎరిగేనాటికి ముసలిదైపోయింది. మీ చెంపలు గిల్లి, సేమ్యా తినిపించి, "ఒంటిమీద కండే లేదు, మీ అమ్మ మీకు గాలి పెడతాందా?" అని ఎగతాళి చేసేది. మా ఇద్దరి తొలి ఉద్యోగాల నాటి సంగతి ఇది.

వాకాడుకు అవతల, సముద్రం వైపు ఒక పల్లెలో ఆరోగ్య కేంద్రం వాళ్ళ చిన్న సెంటరు ఉండేది. పెంకుటింట్లో ముందు గది సెంటరు, వెనక గది నర్సులకు. నేను ముందు వచ్చాను. అమ్మా నాన్నా లేనిదాన్ని, మిషను హాస్టల్లో పెరిగినదాన్ని. సెలవిస్తే పోవడానికి ఇల్లు లేదు. సాయంత్రం తలుపేసుకుంటే మాట్లాడడానికి మనిషి లేదు. మరుసటి ఏడాది మస్తాన్‌బీ వచ్చింది.

ఒక్కతే రాలేదు. వాళ్ళ నాయన ఖాసిం మామ నెత్తిన రేకుపెట్టె పెట్టుకుని కాలవ గట్టు మీద ముందు నడుస్తున్నాడు, వెనక చేతులూపుకుంటూ ఈమె. ఆయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. గడ్డంలో, కనుబొమ్మల్లో దూది పోగులు. పెట్టె దించి, నావైపు చూసి, "మా పాప గవర్నమెంటు నర్సమ్మా" అన్నాడు, నేనేదో వేరే పని మీద అక్కడ కూర్చున్నట్టు. తర్వాత చెంబుడు నీళ్ళు తాగి ఇంకో మాట చెప్పాడు. "మావోళ్ళంతా ఆడపిల్లని ఊళ్ళెంబడి తిప్పుతావా అన్నారమ్మా. పాప నాదా మీదా అన్నా. ఎంత చదివితే అంత చదవనీ అన్నా."

ఈ మాట గుర్తుంచుకోండి. నేనూ గుర్తుంచుకునే ఉన్నాను. అదే నా తప్పులో పెద్ద భాగం.

ఆమె వచ్చాక నాకు ఇల్లంటే ఏమిటో తెలిసింది. పొద్దున్నే సంచీలు భుజానేసుకుని ఇసకలో నడిచేవాళ్ళం. టీకాలు వేయాలి, కడుపుతో ఉన్నవాళ్ళను చూడాలి, పసిబిడ్డల బొడ్డు చూడాలి. కాలవ దాటాలంటే నాకు పడవ భయం. ఆమె నా చెయ్యి పట్టుకుని, "కళ్ళు మూసుకో అక్కా, నేను సముద్రాన్ని కాసేపు ఆపుతా" అనేది. ఊళ్ళో ఆడవాళ్ళు నేను చెబితే తలూపేవాళ్ళు, ఆమె చెబితే చేసేవాళ్ళు. నాకది ముచ్చటగా ఉండేది. ముచ్చటేనా? ఒకమూల చిన్న మంట కూడా ఉండేదా? ఉండే ఉంటుంది. ఒప్పుకోవడానికి కూర్చున్నాక అది మాత్రం ఎందుకు దాచడం.

ఒకరోజు ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ జీపులో వచ్చింది. మస్తాన్‌బీ పట్టపుపాళెంలో జాలరుల ఇంట్లో కాన్పుకు పోయి ఉంది. హైదరాబాదులో హెల్త్ విజిటరు ట్రైనింగు ఉందని, సర్కారే స్టైపెండు ఇస్తుందని, హాస్టలు కూడా వాళ్ళదేనని, మా తట్టుకు ఒక్క సీటు వచ్చిందని చెప్పింది. "మస్తాన్‌బీ పేరు పంపుదామని ఉంది. ఆ పిల్లకి ఇంకొకరికి నేర్పే గుణం ఉంది. కానీ వాళ్ళింట్లో పంపుతారంటావా?" అని అడిగింది.

నేను ఆలోచించలేదు. ఆలోచించానని చెప్పుకుంటే కాస్త నయంగా ఉండేది.

"పంపరమ్మా. వాళ్ళ నాయన ఒప్పుకోడు. వాళ్ళల్లో ఆడపిల్లల్ని అంత దూరం పంపరు గదా" అన్నాను.

"నేనూ అదే అనుకున్నా" అని డాక్టరమ్మ జీపెక్కింది.

అంతే. ఇంకో ప్రశ్న అడగలేదు. నేను వేరే ఏ అబద్ధం ఆడినా ఆమె ఎందుకు, ఏమిటి అని అడిగేది. ఇది అందరూ ముందే నమ్మి కూర్చున్న సంగతి. అది నాకు తెలుసు. తెలిసే దాన్ని ఎంచుకున్నాను. నెత్తిన పెట్టె మోసుకొచ్చిన మనిషి మీద, ఆయన లేని చోట, ఆయన ఎన్నడూ అనని మాట పెట్టాను. ఆ సీటు నాకు అక్కర్లేదు, నేను అడగనూ లేదు, అది వేరే ఊరి నర్సుకు పోయింది. చాలాకాలం దీన్నే పట్టుకుని వేళ్ళాడాను, నేనేమీ తీసుకోలేదు కదా అని. తీసుకోలేదా? ఒక మనిషిని పోకుండా నా దగ్గరే ఉంచుకున్నాను. నాకు కావలసింది అదే.

మధ్యాహ్నానికి మస్తాన్‌బీ నవ్వుకుంటూ వచ్చింది. కాన్పింటి వాళ్ళు ఇచ్చిన చేపలు తెచ్చింది. "ఆడపిల్ల అక్కా. నీ మాదిరే ఏడుపు మొహం" అంది. చేపల పులుసు చేసుకుని తిన్నాం. ఆరోజు నేను సంతోషంగా ఉన్నాను. మీతో చెప్పడానికి అన్నిటికంటే సిగ్గుగా ఉన్నది ఈ సంగతే.

ట్రైనింగు అయ్యాక ఆ వేరే ఊరి నర్సే మా మీద హెల్త్ విజిటరుగా వచ్చింది. మంచి మనిషి, వంక పెట్టడానికి లేదు. ఆమె గదిలోకి వస్తే మస్తాన్‌బీ లేచి నిలబడేది. నేను నేల చూసేదాన్ని.

తర్వాత డాక్టరమ్మకు బదిలీ అయింది. సాగనంపడానికి మస్తాన్‌బీ వెళ్ళొచ్చింది. నేను స్టవ్వు మీద సూదులు ఉడకేస్తున్నాను. వచ్చి నా పక్కన పీట మీద కూర్చుంది.

"అక్కా, నీకు తెలుసా? హైదరాబాదు ట్రైనింగుకి ముందు నా పేరే అనుకున్నారంట. మా నాయన ఒద్దన్నాడంట."

పట్టకారుతో సూదులు కదిపాను. "ఎవరు చెప్పారు?" అన్నాను.

"డాక్టరమ్మే. మీ ఇంట్లో ఒప్పుకొనుంటే ఈపాటికి యాడుండేదానివో అనింది."

"మీ నాయన్ని అడుగుతావా?"

"ఎందుకక్కా అడిగేది? భయపడుంటాడు. పైకి పులి మాదిరి మాట్లాడతాడా, నన్ను ఈడ దించిపోయినాక అన్నం తినకుండా పడుకున్నాడంట, మా అమ్మ చెప్పింది. అడిగితే తల దించుకుంటాడు. మా నాయన తల దించుకుంటే నేను చూళ్ళేను."

"కోపం రాలేదా నీకు?"

"వచ్చింది. బస్సులో వచ్చినంతసేపూ వచ్చింది. దిగేటప్పటికి పోయింది." నా భుజాన్ని తన భుజంతో తోసింది. "పోనీలే. నేను పోయుంటే కాలవ కాడ నీ చెయ్యి పట్టుకునేదెవురు?"

అప్పుడు చెప్పాలి. పిల్లలూ, అప్పుడు చెప్పాలి. అంతకంటే మంచి అదను ఎవరికీ దొరకదు. నేను నోరు తెరిచాను కూడా. "ఇంకా మరిగితే నీళ్ళు ఇంకిపోతాయి, దించక్కా" అంది ఆమె. దించాను.

ఆ తర్వాత ఖాసిం మామ మాకోసం కొత్త పరుపు కుట్టి తెచ్చాడు. ఎప్పుడూ ఆయన్ని ఆటపట్టించే కూతురు ఆరోజు ఎక్కువ మాట్లాడలేదు. పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచి, "పాపకి నామీద ఏమన్నా కోపమామ్మా?" అని అడిగాడు. "పని ఎక్కువ మామా, అంతే" అన్నాను. ఆయన నమ్మాడు. నేను చెప్పింది అందరూ నమ్మేవాళ్ళు.

పందొమ్మిదివందల అరవైలు ముగిసేలోపే ఆయన మంచాన పడ్డాడు. నాకప్పటికి పెళ్ళయింది, మీ నాన్న చంకలో ఉన్నాడు. చూడబోయాను. మస్తాన్‌బీ ఆయన కాళ్ళు ఒత్తుతూ ఉంది. నేను గడపలో ఉండగానే వంగి, "నేనేం మనసులో పెట్టుకోలేదు నాయనా" అంది. ఆయన కళ్ళు తెరిచి, "ఏంది పాపా?" అన్నాడు. "ఏం లేదులే" అంది.

చేయని తప్పుకు కూతురు ఆయన్ని క్షమించింది. ఎందుకు క్షమించిందో ఆయనకు తెలియదు. తెలిసిన మనిషి గడపలో బిడ్డనెత్తుకుని నిలబడి ఉంది.

ఆ తర్వాత ఆమె, నేను ఎన్ని ఏళ్ళు కలిసి బతికామో మీకు తెలుసు. ఏ రోజైనా చెప్పి ఉండవచ్చు. చెబితే నన్ను వదిలేస్తుందని భయపడ్డానా? లేదు. మస్తాన్‌బీ నన్ను వదలదు. నన్ను ఏమీ అనకుండా, వాళ్ళ నాయన కోసం కూర్చుని ఏడుస్తుంది. బస్సులో వచ్చిన ఆ కోపానికి ఏడుస్తుంది. దాన్ని చూడలేక చెప్పలేదు. ఇప్పుడు ఆమె కూడా లేదు.

మొన్న ఆమె పేరున చేసిన ఫాతెహా ప్రార్థనకు నెల్లూరు వెళ్ళాను. ఆ ట్రైనింగు మాట ఎప్పుడో వాళ్ళింట్లోనూ పాకినట్టుంది. భోజనాల దగ్గర వాళ్ళ తమ్ముడి కొడుకు అన్నాడు, "మా తాత ఆ కాలం మనిషి. పంపించుంటే అత్త పెద్ద ఆఫీసరయ్యేది." చుట్టూ కూర్చున్నవాళ్ళు తలలూపారు. నేనూ ఊపాను.

ఆరోజు నుంచి నాకు అన్నం సరిగ్గా దిగడం లేదు. మీ నాన్న డాక్టరు దగ్గరకు పదమంటున్నాడు. డాక్టరు దగ్గర దీనికి మందు ఉండదని వాడికి ఎలా చెప్పను?

నెల్లూరు వెళ్ళి ఆ పిల్లవాడికి చెబుతానో లేదో, మీకు మాట ఇవ్వలేను. ఇన్నిసార్లు నోరు తెరిచి మూసుకున్నదాన్ని, నా మాట మీద నాకే నమ్మకం లేదు. నన్ను మంచిదాన్నని మీరు ఓదార్చవద్దు. ఫోన్ చేసినప్పుడు దీని గురించి ఎత్తకపోయినా ఫరవాలేదు. విన్నారు, చాలు.

ఖాసిం మామ తన కూతుర్ని వద్దనలేదు. ఆయన్ని ఎవరూ అడగనే లేదు. వద్దన్నది నేను. ఈ మాట నా చెవులు వినేలా అనడం ఇదే మొదటిసారి.