డబ్బింగుకు ఇవ్వని మాటలు

పోయిన వారం తళవాయిపురం నుంచి మా రాజపాళయానికి వచ్చే టౌను బస్సులో, డ్రైవరు పెట్టిన పాటలకు కిటికీ అద్దాలు కూడా అదురుతుంటే, ముందు సీట్లో ఉన్న ఒకావిడ వెనక్కి తిరిగి నన్ను గుర్తుపట్టింది. ఇద్దరం ఒకప్పుడు ఒకే మిల్లులో ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్ళం కాబట్టి పలకరింపులకు గొంతు అవసరం పడలేదు. కోడలు వేరు కాపురం పెట్టిన సంగతి, మోకాలి నొప్పి, కొత్తగా కొన్న గ్రైండరు వట్టి డబ్బా అన్న సంగతి, అన్నీ పెదవులు కదిపి చెప్పేసింది, నా కష్టసుఖాలు నేనూ అలాగే చెప్పుకున్నాను. నా పక్కనున్న కాలేజీ అమ్మాయి నన్నొకసారి, ఆవిడనొకసారి చూసి, ముసలిదానికి ఏదో పట్టిందనుకుందో ఏమో, కాస్త అటు జరిగి కూర్చుంది. జరిగితే జరగనీ. నా ఈడు మిల్లు ఆడవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెబుతాను.

నూలు వడికే రింగు ఫ్రేములు వరసగా తిరిగే హాల్లో పక్కన నిలబడి అరిచినా వినపడదు. నేను పెళ్ళికి ముందే పనిలో చేరాను, మా రెండో అన్న భార్య, అంటే మా చిన్నవదిన, అప్పటికే పక్క ఫ్రేములో ఉండేది. తెగిన దారం అతకడం కంటే ముందు ఆవిడ నాకు నేర్పింది పెదవులు చూసి మాట అందుకోవడం. మాటను కొంచెం సాగదీసి, నోరు బాగా విప్పి, కనుబొమలతో కొంత, చేతులు ఖాళీ ఉంటే చేతులతో కొంత చెప్పాలి. మేస్త్రీ మా ఎదురుగా నిలబడి ఉండగానే వదిన ఆయన నడక గురించి, ఆయన మీసం గురించి ఏమేమి అనేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు. ఆయనేమో, పాపం, ఈ వరస ఆడవాళ్ళంత ఒద్దికైనవాళ్ళు మిల్లులోనే లేరని మెచ్చుకునేవాడు. పెళ్ళి సంబంధాలు, అత్తల ఆగడాలు, పులుసు పెట్టే పద్ధతులు, ఏడుపులు, ఓదార్పులు అన్నీ ఆ మోతలోనే జరిగిపోయేవి.

మేమంతా పని మానేసి ఇళ్ళల్లో కూర్చున్న చాలా ఏళ్ళకు మా అక్క కూతురు, చెన్నైలో సినిమా చదువు చదివి వచ్చిన పిల్ల, ఒక విచిత్రమైన ఆలోచన పట్టుకొచ్చింది. మా పాత మిల్లులో పాత ఫ్రేములు తీసేయబోతున్నారట, తీసేలోపు కొన్నాళ్ళు షూటింగుకు ఒప్పుకున్నారట, మేమంతా వచ్చి మళ్ళీ వాటి దగ్గర నిలబడి ఎప్పటిలా మాట్లాడుకోవాలట. కథ లేదు, పాట లేదు, పడమంతా, అంటే సినిమా అంతా, యంత్రాల మోత, మా మొహాలు, కదిలే మా పెదవులు, అంతే. కింద అక్షరాలు కూడా వెయ్యనంది. ఇదేం పడం, ఎవరు చూస్తారని నేను నవ్వాను. చిన్నప్పుడు ఇంట్లో గ్రైండరు తిరుగుతుంటే మిల్లు మనిషే అయిన వాళ్ళమ్మా నేనూ అలా మాట్లాడుకోవడం చూస్తూ పెరిగిందట, అది లోకానికి చూపించాలట. సరేనని వెళ్ళాం. అక్కడ నిలబడగానే మా అందరికీ పాత ఉత్సాహం వచ్చేసింది. ఆ సందట్లో, కెమెరా ఉందని మరిచిపోయిందో, ఉన్నా లెక్కచెయ్యలేదో, వదిన నా వైపు తిరిగి ఇంట్లో ఎవరికీ, మా అన్నకు కూడా చెప్పని మాటొకటి నాకు చెప్పింది. నేను తలూపాను, ఆవిడ మళ్ళీ దారం అతకడంలో పడింది. ఆ ఏడు తిరక్కముందే వదిన పోయింది.

పడం పూర్తయ్యాక పిల్ల అది పట్టుకుని తిరగని చోటు లేదు. చివరికి సినిమాలను ఫోన్లలో చూపించే కంపెనీ ఒకటి తీసుకుంటానంది, కానీ డబ్బింగు వాళ్ళతో మా అందరికీ గొంతులు పెట్టించాలని, లేకపోతే జనం మొదట్లోనే కట్టేస్తారని షరతు పెట్టింది. పిల్ల రాజపాళయం వచ్చి నా ఎదురుగా కూర్చుంది. సగం మాటలు దానికే అందలేదు.

“చిన్నమ్మా, గొంతు పెడితేనే తీసుకుంటాం అని చెప్పినారు. ఎవరెవరు ఏం మాట్లాడినారో నువ్వు చెప్పు, నేను రాసుకుంటా.”

మిగతావాళ్ళ మాటలు చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. వదిన మాట మాత్రం చెప్పనన్నాను. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చని పిల్ల అంది, దాంతో నాకు ఒళ్ళు మండిపోయింది.

“అది నాకు చెప్పిన మాట. ఇంకొకతి నోట రానియ్యను. కల్పించిన మాట ఆమె నోట్లో పెట్టనియ్యను. పడం పెట్టెలోనే ఉన్నా సరే.”

పిల్ల ఏడ్చింది, తన ఇన్నేళ్ళ కష్టాన్ని నేనే గంగలో కలుపుతున్నానంది, అన్నం తినకుండా బస్సెక్కి వెళ్ళిపోయింది. దాని బతుకు చెడగొట్టానా అని నాకూ నిద్ర పట్టలేదు, అయినా మాట మార్చుకోలేదు. కొన్నాళ్ళకు తనే ఫోన్ చేసి, కంపెనీకి వద్దని చెప్పేసినానని, గొంతులు లేకుండానే విడుదల చేస్తానని చెప్పింది. ఆ రోజు దాని మీద నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను.

అలా తనే చేత పట్టుకుని ఊరూరా తిప్పి విడుదల చేసింది. చెన్నైలో చిన్న హాల్లో వేసినప్పుడు నన్నూ తీసుకెళ్ళింది. పడం అయ్యాక ఒక పెద్దమనిషి లేచి, గొంతు దక్కని స్త్రీల మౌనం తనను కదిలించిందని మెచ్చుకున్నాడు. నేను కూర్చున్నచోటనే లేచి, మౌనమేమీ లేదు, షిఫ్టంతా మాట్లాడుతూనే ఉన్నామని అరవంలో చెప్పాను. అయితే ఏం మాట్లాడారో చెప్పమన్నాడు. అది మీకు చెప్పింది కాదన్నాను. హాలంతా నవ్వింది, ఆయనకు కోపం వచ్చింది. తర్వాత పత్రికల్లో వచ్చినవన్నీ పిల్ల చదివి వినిపించింది. మోత భరించలేక బయటికొచ్చేశామని కొందరు, మిల్లు మింగేసిన గొంతులని, మూగ బతుకులని మరికొందరు రాశారు. తిట్టినవాళ్ళ మీద నాకు కోపం రాలేదు, పొగిడినవాళ్ళ మీదే వచ్చింది.

రాజపాళయంలో ఒక థియేటరాయన పొద్దుటి ఆట ఇచ్చాడు. పాత మిల్లు ఆడవాళ్ళం ముసలీ ముతకా అందరం వెళ్ళాం, సత్రపట్టి నుంచి షేర్ ఆటోల్లో కూడా వచ్చారు. మేస్త్రీ మీసం గురించి వదిన అన్న మాటల దగ్గర హాలు హాలంతా పడీ పడీ నవ్వింది, ఒకావిడ తెర మీద కనపడ్డ తనను తానే తిట్టుకుంది. వదిన నా వైపు తిరిగిన చోట మాత్రం అందరం గప్‌చుప్ అయిపోయాం. అందరికీ ఆ మాట అందింది. ఎవరూ నా పక్కనున్న మా అన్న వైపు తల తిప్పలేదు, బయటికొచ్చాక ఎవరూ ఆ ఊసెత్తలేదు, ఈ రోజు వరకూ ఎత్తలేదు. ఆ మాటేమిటో నేను ఇక్కడా రాయను. మా అన్న జన్మంతా లారీ నడిపినవాడు, పెదవులు చదవడం రాదు. చెప్పులేసుకుంటూ కళ్ళు తుడుచుకుని నాతో ఒక్క మాటే అన్నాడు.

“నాకు ఏమీ తెలీలేదు. అయినా ఆమె మాట్లాడింది గదా. అది చాలు.”

అంత పెద్ద పెద్ద రాతలు రాసినవాళ్ళకు తట్టనిది అదే.

ఇప్పుడు మిల్లుల్లో పనిచేసే పిల్లలు ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు, చెవుల్లో బిరడాలు, నోటికి మాస్కు. అది మంచిదే, దూది పొట్టుకు దగ్గి దగ్గి పోయినవాళ్ళను నేను చూడకపోలేదు. కానీ మాస్కు వెనక పెదవి కనపడదు, ఇక ఆ పెదవుల మాట నేర్చుకునేవాళ్ళు లేరు. ఆ పడాన్ని చదవగలిగినవాళ్ళం ఏటా ఒకరిద్దరం తగ్గుతున్నాం. మాలో చివరి మనిషి పోయిన రోజు అది వాళ్ళు రాసినట్టే మూగ పడం అవుతుంది. అంతదాకా కాదు.