అమ్మ వంటగట్టుకు ఒక లైటు

మదనపల్లెలో ఇల్లు కట్టుకున్నప్పుడు ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినదలుచుకోలేదు. టైల్సు ఏ రంగైనా సరే, కిటికీలు ఎటున్నా సరే, మా అమ్మ వంట చేసే చోట ఆమె చేతుల మీద నీడ పడకూడదు. నాకసలే ముక్కు మీద కోపం. ఈ సంగతిలో ఎవరైనా అడ్డం మాట్లాడితే ఇంతెత్తున లేచేదాన్ని.

ఈ పంతం పుంగనూరులో మేమున్న అద్దె ఇంట్లో పుట్టింది. తొంభైల్లో ఆ ఇంటికి ఒక్కటే బల్బు. రెండోది పెట్టుకోవడానికి ఇంటాయన ఒప్పుకోలేదు. అందుకని ముందు గదికీ వంటింటికీ మధ్య గోడలో ఇటుకంత కంత చేసి, అందులో బల్బు వేలాడదీశారు. వెలుతురు అటు సగం, ఇటు సగం. సాయంత్రం నేనూ తమ్ముడూ పుస్తకాలు తీయగానే అమ్మ అవతలి నుంచి చెయ్యి పెట్టి బల్బును మా వైపుకు నెట్టేది. అది వెనక్కి జారకుండా కంతలో ఒక గుడ్డపీలిక దూర్చేది. ఆ తర్వాత పొయ్యి మంట వెలుగులోనే సంగటి కెలికేది. ఆవాలు చిటపటమంటే విని తెలుసుకునేది, కారం వేగిందో లేదో వాసన చూసి చెప్పేది. మేమేమో కడుపునిండా తిని, సంగట్లో ఉండలున్నాయని వంకలు పెట్టేవాళ్లం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రోజుల్లో అమ్మ తొలి బస్సుకు మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోయి కాయలు ఏరే పని చేసేది. పచ్చివి ఒకవైపు, దోరవి ఒకవైపు, పండ్లు ఒకవైపు. ఆ పనితోనే నన్ను టీచరును చేసింది. ఇల్లు కట్టేనాటికి రెండువేల సంవత్సరం దాటి చాలా ఏళ్లయింది. అమ్మ పని మానేసి మా దగ్గరే ఉంటోంది.

మా ఆయనకు కుప్పంలో ఉద్యోగం. శనివారాలు వచ్చిపోయేవాడు. అక్కడి నుంచే ఒక వడ్రంగిని పంపాడు. ఆ వడ్రంగి గట్టు కిందా పైనా కబోర్డులు బిగించి, అచ్చం కొత్త ఫ్యాషను వంటిల్లు తయారుచేశాడు. నేను సీలింగుకు పెద్ద లైటు పెట్టించాను. అమ్మ గట్టు దగ్గర నిలబడి ఎర్రగడ్డ కోయబోయింది. చూస్తే ఏముంది, కత్తి మీదా గడ్డ మీదా ఆమె నీడే.

"పైన ఎన్ని లైట్లేసినా అమ్మ ఈపు అడ్డమొస్తాది మేడమ్. పై కబోర్డు అడుగున లైటు పెట్టాల," అన్నాడు వడ్రంగి. పెద్ద లైటు కొన్నాక చెప్పాడని ఆయన మీద విసుక్కున్నాను. చెప్పింది మాత్రం నిజం.

ఆదివారం అమ్మా నేనూ బజారులో లైట్ల షాపుకు పోయాం. షాపాయన ఒక చెక్క కబోర్డు అడుగున మూడు రకాల లైట్లు బిగించి, కింద గ్రానైటు బండ పెట్టి ఉంచాడు. ముందు చిన్న చిన్న గుండ్రటి పసుపు లైట్లు వేశాడు. బండ బంగారంలా మెరిసింది. "పెద్ద పెద్ద ఇండ్లల్లో ఇదే ఏస్తాండారమ్మా," అంటూ నాకు అరచేతిలో వైకుంఠం చూపించాడు. నేను పడిపోయాను. పర్సు తీయబోతుంటే అమ్మ తన గుడ్డసంచి విప్పింది. అందులో నుంచి మూడు టమోటాలు తీసి బండ మీద పెట్టింది.

నాకు తల కొట్టేసినట్టయింది. "లైటు కొనేదానికొస్తా టమోటాలు యాల తెచ్చినావమ్మా?" అన్నాను గొంతు తగ్గించి.

"లైటు నిజం చెప్తాదా లేదా సూడాల గదా మే."

ఆమె తెచ్చినవి ఒక పచ్చి కాయ, ఒక దోరకాయ, ఒక పండు. పసుపు లైటు కింద దోరకాయ కూడా పండులాగే ఎర్రగా కనిపించింది. "సూడప్పా, రెండూ పండ్లే అంటాండాది. మండీలో ఇట్లాటి బల్బు కిందైతే మేము కాయ ముట్టేవాళ్లమే కాదు. తెల్లారేదాకా సేతులు ముడుసుకోని కూసుంటాంటిమి," అంది.

షాపాయన నవ్వాడు. "ఇది వంటింటికమ్మా, మండీకి గాదు."

"వంటింట్లోనే కష్టమప్పా. ఆడైతే యాపారి అరిసి ఊరుకుంటాడు. ఈడ నా మనవరాలు తినకుండా లేసిపోతాది."

రెండోది నీలంగా కొట్టే లైటు. దాని కింద పండు కమిలినట్టు కనిపించింది. అమ్మ పెదవి విరిచింది. మూడోది మామూలు సన్న ట్యూబులైటు, దానికి తళుకూ లేదు, బెళుకూ లేదు. దాని కింద మాత్రం పచ్చిది పచ్చిగా, దోరది దోరగా, పండు పండుగా ఉన్నాయి. షాపాయనకు అనుమానం పోలేదు. మూడు కాయలూ పట్టుకుని ఎండలోకి పోయి చూసుకుని వచ్చాడు. "అమ్మా, నువ్వు చెప్పిందే కరెక్టు. ఈ కాయలు ఈడనే పెట్టిపో, వచ్చినోళ్లకు సూపిస్తా," అన్నాడు.

"దినామూ మార్సాలప్పా. దోరది ఎల్లుండికి పండైతాది," అంది అమ్మ. ఆ షాపులో ఆ రోజు నాకు కలిగిన గర్వం, ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

వడ్రంగి ఆ లైటును పై కబోర్డు ముందు అంచు వెనకాల, కళ్లల్లో కొట్టకుండా బిగించాడు. మొదటిరోజు అమ్మ దాని కింద చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. "ఏం మే, నా సేతులు ఇట్లుండాయా?" అంది. 

వారం తిరిగింది. ఒక సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి వంటింట్లో చీకటి. ముందు గదిలో మా పాప లెక్కలు చేసుకుంటోంది. అమ్మ చీకట్లోనే గట్టు దగ్గర నిలబడి కూరకు తరుగుతోంది. లైటు అప్పుడే పాడైపోయిందనుకుని, షాపాయనను తిట్టుకుంటూ స్విచ్చి వేశాను. టక్కున వెలిగింది. అమ్మ గబగబా వచ్చి ఆర్పేసింది.

"యాల ఆపుతాండావు?"

"పాప సదువుకుంటాండాది గదా మే."

నా కోపం నషాళానికంటింది. "ఆ లైటు వేరే, ఈ లైటు వేరే! ఇది ఆపితే దానికేమన్నా వెలుతురు పెరుగుతాదా? నీ కోసమని ఏరి ఏరి తెచ్చుకుంటే చీకట్లో నిలబడతావా?" అని అరిచేశాను.

అమ్మ నొచ్చుకోలేదు. "తెలుసులే మే. సెయ్యి ఊరుకోదు," అంది.

నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. గోడ కంతలో నుంచి వచ్చే ఆ చెయ్యి గుర్తొచ్చి ఏడుపొచ్చింది. నా అరుపులకు పాప నోటుబుక్కు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నన్ను చూసింది, అవ్వను చూసింది. "అవ్వా, నేను ఈడనే చేసుకుంటా," అని గట్టు మీద పుస్తకం పరిచింది.

అమ్మ టమోటాలు పక్కకు జరిపింది. కొంగుతో గట్టు తుడిచింది. తనే పోయి లైటు వేసింది.

ఆ రోజు నుంచి పాప చదువంతా వంటగట్టు మీదే. ఆ ఏడాది దాని లెక్కల నోటుబుక్కు నిండా టమోటా మరకలే, టీచరు పిలిచి అడిగింది కూడా. నేను మాత్రం ఒక్కసారీ పాపను కోప్పడలేదు. లైటు పాప కోసమే వేస్తున్నానని అమ్మ అనేది. అననీ. వంట ఆ వెలుతురులోనే చేసేది.