ఎనిమిది టేపులకు ఎనిమిది బొట్లు

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ గది నాది. నాది అంటే మా తాత సొత్తని కాదు, అందులో ఏది చెడినా తిట్లు తినేది నేనని. సర్వరు కింద ఆటోలోడర్ అనే పెట్టె ఉంటుంది. దాని అరల్లో ఎనిమిది టేపులు. లోపలి ఇనుప చెయ్యి రోజుకొక టేపు తీసుకుని, సర్వరులో ఉన్నదంతా నకలు రాయించి, తిరిగి అరలో పెడుతుంది. ఏ టేపు ఏదన్నది దాని మొహాన అంటించిన బార్‌కోడ్ చీటీని చూసి గుర్తుపడుతుంది.

దసరాకు మా దగ్గర ప్రతి యంత్రానికీ గంధం, కుంకుమ పెడతారు. ఆ ఏడు గుమ్మడికాయ తిప్పడానికి ప్యాకింగ్‌లో బస్తాలు నింపే ఆయన వచ్చాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, అన్నా అంటాను. నేను ఆటోలోడర్ మీద ఒక బొట్టు పెట్టి చేతులు దులుపుకుంటే నవ్వాడు.

“పైన రేకుకు పెడితే ఏమొస్తాదప్పా? పని చేసేది లోపలుండాది, దానికి పెట్టు.”

నిజమే కదా అనిపించింది. అరలు బయటికి లాగి ఎనిమిది టేపులకూ పెట్టాను, సరిగ్గా చీటీల నడిమధ్యన. మర్నాటి నుంచి ఆటోలోడర్ మీద ఎర్రదీపం వెలగడం మొదలైంది. సెలవులయ్యాక చూద్దాంలే అనుకున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. సెలవులు అయ్యీ అవకముందే సర్వరు డిస్కులు రెండూ చెడి, అందులో ఉన్నదంతా పోయింది.

ఆ పొద్దునే అన్న వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఊపిరితిత్తులు చెడి ఆర్నెల్లుగా దగ్గుతున్నాడు. మరుసటిరోజు కడపలో డాక్టర్లు కూర్చుని, జబ్బు పనివల్ల వచ్చిందో కాదో తేలుస్తారు. పనిలో చేరినరోజు ఫ్యాక్టరీ ఆస్పత్రిలో తీసిన ఎక్స్‌రే చూపించాలి. లేకపోతే జబ్బుతోనే పనికొచ్చాడని రాసేస్తారు. ఆ ఎక్స్‌రే సర్వరులో ఉండేది.

“యాడుండాదప్పా నా ఫోటో?”

“తీస్తాండా అన్నా, కూర్చో,” అన్నాను.

దసరా ముందటి ఆదివారం టేపులో అంతా ఉండాలి. ఆటోలోడర్ మాత్రం ఎనిమిదింటినీ ఎరగనంటోంది. అప్పుడు తట్టింది నాకు, ఆ దీపం ఎందుకు వెలిగిందో. టేపు తీసి తడి దూదితో తుడిచాను. కుంకుమతోపాటు చీటీ మీది గీతలూ చెదిరిపోయాయి. వెనక నుంచి దగ్గు వినిపించింది. భయం కోపంగా మారడానికి ఎంతసేపు!

“నువ్వు పెట్టమంటేనే కదా పెట్టింది. ఇప్పుడు చూడు,” అన్నాను.

ఆయన లేచి వరండాలోకి పోయి దగ్గుకున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చెప్పింది ఆయనే కావచ్చు, యంత్రం సంగతి తెలిసినవాణ్ణి నేను కదా.

చీటీ పోయినా అర నంబరు చెప్పి చేత్తో పురమాయించవచ్చు. ఆ ఆదివారం టేపుది మూడో అర, అదే చెప్పాను. చెయ్యి కదిలింది, టేపు లోపలికి పోయింది. బాగున్న టేపు ఒకే తీరున సన్నగా మోగుతుంది. ఇది ముందుకీ వెనక్కీ కొట్టుకుని ఆగిపోయి, శుభ్రం చెయ్యమంది. ఎండిన గంధం పొడి లోపల రాలినట్టుంది. శుభ్రం చేసే టేపు మా దగ్గర ఒక్కటే, అదీ ఇంకొక్కసారికే పనికొస్తుంది. కొత్తది రావాలంటే వారం. అదే పెట్టాను. అది పనైపోయి బయటికొచ్చింది. మళ్లీ మూడో అర.

ముందుకి పోయింది. వెనక్కి వచ్చింది. అన్న తిరిగొచ్చి నా వెనక నిలబడ్డాడు. ముందుకి పోయింది. ఆగింది. టేపు తెగిందేమో అనుకున్నాను. తర్వాత సన్నటి మోత మొదలై, ఆగకుండా సాగింది.

మధ్యాహ్నానికి ఫైలు దొరికింది. తెరిచాను. కింద ఆయన నంబరు, చేరిన తేదీ, అన్నీ సరిగ్గా ఉన్నాయి.

అన్న ముందుకు వంగి చూశాడు. “పాడైనట్టుండాదే. లోపలంతా నల్లగుండాది.”

“లేదన్నా, నల్లగుంటేనే మంచిది. తెల్లగా మచ్చలుంటేనే జబ్బు. దీంట్లో ఒక్క మచ్చ కూడా లేదు. రేపు ఇదొక్కటి చూపిస్తే చాలు.”

ఆయన మళ్లీ తెరవైపు చూశాడు.

“అయితే, ఈడికి వచ్చినప్పుడు నేను బాగుంటిని,” అన్నాడు.

ప్రింటు తీసి ఆయన చేతికిచ్చాను.