గెత్సేమనేలో భయం

2019 ఏప్రిల్ 18, గురువారం, సాయంత్రం నాలుగు గంటలు. మందమర్రి కార్మికుల కాలనీలోని మా చర్చిలో, మరునాడు నేను చేయబోయే గుడ్ ఫ్రైడే ప్రసంగాన్ని సంఘపెద్దకు చదివి వినిపిస్తున్నాను. ఆయన బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. ఎక్కడికి వెళ్లినా తల పైకెత్తి కప్పును పరీక్షగా చూసిన తరువాతే కూర్చునేవారు.

ఆ రోజు మాత్రం కూర్చోలేదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఏమాత్రం భయపడలేదని నేను చదవగానే, అటూ ఇటూ నడవసాగారు.

"ఎవలు చెప్పిండ్రు బిడ్డా? చెమట రక్తం లెక్క కారింది. గీ బాధల గిన్నె తప్పియ్యమని తండ్రిని బతిమాలిండు. భయంగాకపోతే గంత పరేషాన్ ఎందుకైతడు?"

"దేవుని కుమారుడు గదా తాతా!"

"అయితేంది? నీ బైబిల్ డిగ్రీల గింతేనా చెప్పిండ్రు? నేను దినాం భయపడుకుంటనే బాయిల దిగిన."

నెల క్రితం మా బాపు పనిచేసే గనిలో కప్పు కూలి తోటి కార్మికుడు గాయపడినప్పటి నుండి, డ్యూటీకి బయలుదేరే వేళ ఆయన గడప దాకా వచ్చి ఆగిపోయేవారు. దానిని పిరికితనమని కన్నతండ్రి ముఖం మీదే అని, మాట్లాడడం మానేశాను. యేసు భయపడలేదన్న ఆ వాక్యం రాసింది కూడా బాపు వినాలనే.

పెద్దాయన నా ఎదుట ఆగారు. "శిష్యులను ఏమడిగిండు? నా తోని జర మేల్కొని ఉండుండ్రి అన్నడు. గంతే. వాళ్లు పండుకున్నరు."

ఆ వాక్యాన్ని కొట్టివేశాను. ఆ శనివారం నుండి, బాపు రిటైరయ్యే వరకు, ప్రతి మొదటి షిఫ్టుకు నేనూ తెల్లవారకముందే లేచి బాయి గేటు దాకా ఆయన వెంట నడిచాను.